వాగ్దాన కార్డులో పట్టని పది వచనాలు: బైబిల్‌ను సందర్భంతో చదవడం అంటే ఏమిటి

క్లుప్తంగా: ఒకే బైబిల్ వచనం ఒక చర్చిలో ఒకలా, ఒక యూట్యూబ్ ఛానల్లో ఇంకోలా వినిపిస్తుంటే చాలామంది అయోమయంలో పడుతున్నారు. వచనాన్ని దాని ముందూ వెనకా ఉన్న మాటల నుంచి తెంపేయడం, అది ఉత్తరమా సామెతా ఉపమానమా అని చూడకపోవడం ఇందుకు పెద్ద కారణాలు. తెలుగు పాఠకులకు వీటితో పాటు ఇంకో చిక్కు ఉంది. బైబిల్ తెలుగు, ఇంట్లో మాట్లాడే తెలుగు చాలా చోట్ల ఒకటి కావు. అవే మాటలు, వేరే అర్థాలు.

డిసెంబర్ 31 రాత్రి చాలా తెలుగు చర్చిల్లో ఆరాధన ముగిశాక వాగ్దాన కార్డులు పంచుతారు. ఒక్కొక్కరు ఒక కార్డు తీసుకుని, అందులోని వచనాన్ని కొత్త ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాటగా భద్రపరుచుకుంటారు. బైబిల్లోనో, పర్సులోనో, ఫ్రిజ్ తలుపు మీదో అది ఏడాదంతా ఉంటుంది. ఇప్పుడదే పని వాట్సాప్ రోజూ చేస్తోంది, పొద్దున్నే ఒక వచనం, వెనక ఒక సూర్యోదయం ఫొటో. ఇలా ఎక్కువగా తిరిగే వచనాల్లో యిర్మీయా 29:11 ఒకటి: "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని మొదలయ్యే మాట. పరీక్ష రాసే పిల్లలకు, ఉద్యోగం పోయినవాళ్లకు, వీసా కోసం ఎదురుచూసేవాళ్లకు దాన్నే పంపుతుంటారు.

కష్టంలో ఉన్న మనిషికి ఆ మాట ఇచ్చే ధైర్యం చిన్నదేం కాదు. అయితే ఆ కార్డులో 11వ వచనం ఉంది గానీ, దాని ముందున్న పది వచనాలు లేవు.

ఆ ఉత్తరం ఎవరికి వెళ్లింది?

యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీస్తు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని రాజును, రాజమాతను, అధికారులను, కంసాలులను, ఇతర పనివాళ్లను చెరపట్టి తీసుకుపోయాడు. సొంత ఊరికి వందల మైళ్ల దూరంలో, భాష తెలియని చోట పడ్డ ఆ మనుషులకు యెరూషలేములో మిగిలిపోయిన ప్రవక్త యిర్మీయా రాసి పంపిన ఉత్తరం అది.

ఆ సమయంలో వాళ్లందరి మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే, ఎప్పుడు తిరిగి వెళ్తాం? దీనికి ముందు అధ్యాయంలోనే ఒక జవాబు ఉంది. హనన్యా అనే ప్రవక్త జనమందరి ముందు నిలబడి, రెండేళ్లలో అంతా అయిపోతుందని, చెరపట్టిన వాళ్లు తిరిగి వచ్చేస్తారని దేవుని పేరుతో ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. వినడానికి ఎంతో హాయిగా ఉండే సందేశం. అది అబద్ధమని యిర్మీయా అతని ముఖం మీదే చెప్పాడు.

ఆ తర్వాత వచ్చిందే ఈ ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకూ పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అంటుంది 5 నుంచి 7 వచనాల దాకా. 10వ వచనంలో గడువు చెప్పారు: డెబ్బై ఏళ్లు. ఆ తర్వాతే 11వ వచనం.

అంటే ఈ ఉత్తరం విన్న ముప్పై ఏళ్ల మనిషి తిరుగు ప్రయాణం కళ్లారా చూడాలంటే నూరేళ్లు బతకాలి. విన్నవాళ్లలో చాలామందికి అందిన కబురు ఇది: మీరు ఇక్కడే చనిపోతారు, అయినా కథ అయిపోలేదు, మీ మనవలు వెళ్తారు. 11వ వచనాన్ని ఒక్కదాన్నే కార్డు మీద ముద్రించినప్పుడు అది చెప్పేది హనన్యా సందేశానికి దగ్గరగా జరిగిపోతుంది. త్వరగా అయిపోతుంది, అంతా బాగుంటుంది అన్నట్టు. ఏ మాటను ఖండించడానికి ఉత్తరం రాశారో ఆ మాటే ఉత్తరంలోని ఒక ముక్కతో వినిపిస్తోంది. సందర్భం పోవడం వల్ల జరిగే నష్టానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఫిలిప్పీయులకు 4:13 సంగతీ ఇంతే. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాట కార్ల అద్దాల మీదా, పోటీ పరీక్షల పుస్తకాల అట్టల మీదా విజయ మంత్రంలా కనిపిస్తుంది. తొలి క్రైస్తవ సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు ఆ మాట రాసింది బంధకాల్లో, అంటే చెరలో ఉండి. దాని ముందు రెండు వచనాల్లో, కడుపు నిండినా ఉండగలను, ఆకలితోనూ ఉండగలను, ఆ రెండూ నేర్చుకున్నాను అంటాడు. ఆ "సమస్తము"లో ఓడిపోవడం, పస్తు ఉండటం కూడా ఉన్నాయి.

నంబర్లు తెచ్చిన అలవాటు

వచనాన్ని ఇంత తేలిగ్గా తెంపి తీసుకోగలగడానికి ఒక సాదా కారణం, దానికి నంబర్ ఉండటం. యిర్మీయా గానీ పౌలు గానీ నంబర్లు వేసి రాయలేదు. ఇప్పుడున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌కు చెందిన మతాధికారి స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెబుతారు. కొత్త నిబంధనలో ఇప్పటి వచన సంఖ్యలు పారిస్ ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో వేసిన ప్రతితో వచ్చాయి. వెతుక్కోవడానికి అదెంతో ఉపకారం. కానీ ప్రతి వచనాన్నీ కొత్త పేరాగా అచ్చువేయడం అలవాటయ్యాక, ఒక వాదంలో మధ్య మెట్టుగా ఉన్న వాక్యం కూడా పద్యంలా తనంతట తాను నిలబడినట్టు కనిపించసాగింది. తెలుగు బైబిళ్లలో ఎక్కువ ప్రతుల్లో ఇప్పటికీ అదే కూర్పు. వేమన పద్యాలు చదివిన అలవాటున్న చేతికి ఇది చాలా సహజంగా అనిపిస్తుంది. వేమన పద్యం నిజంగానే ఒంటరిగా నిలబడుతుంది, పౌలు వాక్యం మాత్రం ముందు వాక్యం చెయ్యి పట్టుకుని నడుస్తుంది.

తెలుగే అడ్డం వచ్చే చోట్లు

తెలుగులో బైబిల్ అనువాద ప్రయత్నాలు 18వ శతాబ్దంలోనే మొదలయ్యాయి. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ పని మొదలుపెట్టారు, ఆ తర్వాత చాలామంది చేతులు పడ్డాయి. ఇప్పుడు వాడుక తెలుగులో అనువాదాలు ఉన్నా, చర్చిలో గట్టిగా చదివేది, కంఠతా వచ్చేది ఎక్కువగా పాత అనువాదమే. దాని గ్రాంథిక భాషకు ఒక గంభీరమైన అందం ఉంది. చిక్కు కూడా అక్కడే ఉంది, ఎందుకంటే అందులోని మాటల్లో కొన్ని ఈ రోజు వేరే పని చేస్తున్నాయి.

యిర్మీయా 29:11 తెలుగులో "సమాధానకరమైన ఉద్దేశములు" అని ఉంది, "నిరీక్షణ కలుగునట్లుగా" అని ఉంది. సమాధానం అంటే ఈ రోజు బడిపిల్లలకు జవాబు. నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బైబిల్ తెలుగులో మొదటిది శాంతి, రెండోది ఆశ. చర్చిలో పెరిగినవాళ్లకు ఇది తెలుసు, బయటి నుంచి వచ్చి చదివేవాళ్లకు "జవాబు లాంటి ఉద్దేశాలు" అని వినిపిస్తే తప్పు వాళ్లది కాదు.

ఇంకా సూక్ష్మమైనది ఒకటి ఉంది. 11వ వచనంలో "సమాధానకరమైన" అన్న చోట హీబ్రూలో ఉన్న మాట షాలోమ్. 7వ వచనంలో ఆ ఊరి "క్షేమము" కోరండి అన్న చోట ఉన్నదీ అదే షాలోమ్. అక్కడ ఉత్తరం ఒక ముడి వేస్తోంది: శత్రువు ఊరికి మీరు కోరే షాలోమ్‌లోనే, మీ గురించి దేవుడు అనుకుంటున్న షాలోమ్ ఉంది. తెలుగులో రెండు చోట్లా రెండు వేర్వేరు మాటలు పడేసరికి ఆ ముడి కనబడకుండా పోయింది. అనువాదకులది పొరపాటు అనలేం, ఒక మాట ఇన్ని అర్థాలు మోస్తున్నప్పుడు ఏదో ఒకటి వదలాల్సిందే.

"శరీరము" అన్న మాట వల్ల కలిగే అపార్థం దీనికంటే పెద్దది. పౌలు వాడిన గ్రీకు మాట సార్క్స్‌ను తెలుగులో శరీరమనే అన్నారు. దాంతో ఒళ్లే పాపమని, తిండీ నిద్రా అలంకారమూ దాంపత్యమూ అన్నీ అనుమానించాల్సినవేనని ఒక ధోరణి వచ్చింది. గలతీయులకు 5వ అధ్యాయంలో "శరీరకార్యముల" జాబితా పూర్తిగా చదివితే అందులో ద్వేషాలు, కలహాలు, కక్షలు, భేదాలు, అసూయలు ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఒంటితో పనే లేదు, సంఘ కమిటీ మీటింగులో కుర్చీలో కూర్చునే చేయవచ్చు. పౌలు మాట్లాడుతున్నది దేవుణ్ని పక్కనపెట్టిన జీవన ధోరణి గురించి.

అలాగని తెలుగు ఎప్పుడూ అడ్డమే కాదు, కొన్ని చోట్ల ఇంగ్లీషు కంటే బాగా సాయపడుతుంది. ఇంగ్లీషులో ఒక్కరినైనా పదిమందినైనా పిలవడానికి ఒకే మాట. తెలుగు పాత అనువాదం ఎక్కువ చోట్ల ఒక్కరైతే నీవు, పలువురైతే మీరు అంటుంది. అందుకే యిర్మీయాలో "మిమ్మును" అంటే మర్యాద అనుకోకూడదు, అది బహువచనం. ఆ మాట ఒక జనసమూహానికి చెప్పినది. కార్డు ఒక్కరి చేతిలోకి వచ్చాక ఆ "మిమ్మును" చటుక్కున "నిన్ను" అయిపోతుంది.

కొన్నిసార్లు మూలంలో లేని నిర్ణయాన్ని తెలుగు తీసుకోక తప్పదు. గ్రీకులో మేము, మనము అనే తేడా లేదు. తుఫానులో శిష్యులు యేసును లేపి "నశించిపోవుచున్నాము" అంటారు (మార్కు 4:38). మేమా, మనమా? తెలుగు బైబిల్ "మేము" అంది. యేసును ఆ ప్రమాదం నుంచి బయట పెట్టింది ఆ ఒక్క మాట. గ్రీకు వాక్యం ఆ సంగతి తేల్చదు.

కానాలో పెళ్లి విందు మాట కూడా చూడాలి. యేసు తల్లితో "అమ్మా, నాతో నీకేమి" అంటాడు (యోహాను 2:4). గ్రీకులో ఉన్నది తల్లి అన్న మాట కాదు, స్త్రీని ఉద్దేశించి పిలిచే సంబోధన. సమరయ స్త్రీనీ అలాగే పిలుస్తాడు, అక్కడా తెలుగులో "అమ్మా" అనే ఉంది. తెలుగులో ముక్కు మొహం తెలియని ఆమెనూ అమ్మా అంటాం కాబట్టి ఈ అనువాదం మర్యాదను చక్కగా నిలిపింది. కానీ కన్నతల్లి దగ్గరికి వచ్చేసరికి, కొడుకు ఆమెను మామూలుగా పిలిచే పిలుపుతో పిలవలేదన్న చిన్న దూరం తెలుగులో మాయమైంది.

ఉత్తరం, సామెత, ఉపమానం ఒకేలా చదవలేం

సామెతలు 26:4 మూర్ఖుడికి అతని మూర్ఖత్వానికి తగ్గట్టు జవాబు ఇవ్వొద్దంటుంది. దాని కిందే 26:5 ఇవ్వమంటుంది. బైబిల్లో వైరుధ్యం ఉందనడానికి దీన్ని చూపేవాళ్లున్నారు. తెలుగువాళ్లకు ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. "నిదానమే ప్రధానం" అంటాం, "ఆలస్యం అమృతం విషం" అనీ అంటాం, ఏది ఎప్పుడు అనాలో ఆ సమయమే చెబుతుంది. సామెత అన్ని వేళలా పనిచేసే చట్టం కాదు. "బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము" (సామెతలు 22:6) అన్న మాటను గ్యారంటీ కార్డులా చదివి, పిల్లలు దారి తప్పిన తల్లిదండ్రులను అపరాధ భావంలోకి నెట్టడం ఈ తేడా మరచిపోవడం వల్లే జరుగుతోంది.

ఉత్తరానికి ఉత్తరం మర్యాదలుంటాయి. 3 యోహాను 2లో గాయు అనే మిత్రుడు అన్ని విషయాల్లోనూ వర్ధిల్లాలని, ఆరోగ్యంగా ఉండాలని రచయిత ప్రార్థిస్తాడు. ఆ కాలపు గ్రీకు ఉత్తరాల్లో మొదట ఆరోగ్యం కోరుతూ రాయడం మామూలు, మన పాత ఉత్తరాల్లో "ఇక్కడ అంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అన్నట్టు. దాన్ని ప్రతి విశ్వాసికీ ధనం తప్పక వస్తుందన్న సిద్ధాంతానికి పునాదిగా వాడటం, ఆ పునాది మీద కానుకలు అడగడం, ఆ వాక్యం మోయలేని బరువు.

ఉపమానాల విషయంలో చరిత్ర ఇంకా పాతది. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాణ్ని ఒక సమరయుడు ఆదుకుని సత్రంలో చేర్చిన కథను 4-5 శతాబ్దాల క్రైస్తవ వేదాంతి ఆగస్టీను మొత్తం సంకేతాలుగా విప్పాడు: దెబ్బలు తిన్నవాడు ఆదాము, సమరయుడు క్రీస్తు, సత్రం సంఘం, సత్రం యజమాని పౌలు. తెలుగు ప్రసంగాల్లో ఈ పద్ధతి ఇప్పటికీ బాగా వినిపిస్తుంది, వినడానికి ఇంపుగానూ ఉంటుంది. లూకా 10వ అధ్యాయంలో మాత్రం ఆ కథ "నా పొరుగువాడెవడు" అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చింది. యూదులకు, సమరయులకు మధ్య తరాల వైరం ఉంది. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం చివర్లో యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ గెరిజీము కొండ మీది సమరయుల ఆలయాన్ని కూల్చేశాడు. ప్రశ్న అడిగినవాడు జవాబులో "సమరయుడు" అన్న మాట నోటితో పలకకుండా, అతని మీద జాలిపడినవాడే అని తప్పించుకోవడం ఆ వైరం తెలిస్తేనే గుచ్చుకుంటుంది. సంకేతాలు వెతికే పనిలో పడితే ఈ ముల్లు తగలదు. ఊళ్లో ఎవరి చేతి నీళ్లు ఎవరు ముట్టరు అన్న లెక్కలు చూసిన తెలుగు నేలకు ఆ ముల్లు తగలడం అవసరం.

దగ్గరి పోలికలు, తప్పుడు నేపథ్యాలు

కళ్లం, చేట, కాడి, బావి, రాత్రి పొద్దుపోయాక వచ్చే పెళ్లికొడుకు: ఇవన్నీ పల్లెటూరి తెలుగు పాఠకుడికి ఫుట్‌నోట్ లేకుండానే అర్థమవుతాయి. అయితే పోలిక దగ్గరగా ఉన్న చోటే జారిపోవడం సులభం. యాకోబు 5:7లో రైతు "తొలకరి వర్షము", "కడవరి వర్షము" కోసం ఓపికతో కాచుకుంటాడు. మనకు తొలకరి అంటే జూన్. పాలస్తీనాలో వానలు మొదలయ్యేది అక్టోబరు, నవంబరుల్లో, వేసవంతా చుక్క పడదు. కడవరి వాన మార్చి, ఏప్రిల్లో కోతలకు ముందు పడి గింజను నింపుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సీజను చివరి వాన అంటే నవంబరు తుఫాను, కోతకొచ్చిన వరి నీళ్లపాలు. ఒకే మాట అక్కడ దీవెన, ఇక్కడ దిగులు. కోతల సమయంలో వాన అక్కడా మంచిది కాదు, 1 సమూయేలు 12లో గోధుమ కోతల వేళ పడిన వాన దేవుని హెచ్చరికగా వస్తుంది.

నేపథ్యం పేరుతో తప్పు సమాచారం కూడా తిరుగుతోంది. ఒంటె సూదిబెజ్జంలో దూరడం గురించి యేసు అన్న మాటకు, యెరూషలేములో "సూదిబెజ్జం" అనే చిన్న ద్వారం ఉండేదని, ఒంటె బరువు దించుకుని మోకాళ్ల మీద అందులోంచి వెళ్లేదని చెబుతుంటారు. ఆ కాలంలో అలాంటి ద్వారం ఉందనడానికి ఆధారం లేదు. యూదుల మత వ్యాఖ్యాన గ్రంథమైన తల్మూదులో ఇలాగే సూదిబెజ్జంలో ఏనుగు దూరడం అనే మాట అసాధ్యానికి గుర్తుగా ఉంది. మత్తయి 19లో శిష్యులు ఆ మాట విని, మరైతే ఎవరు రక్షణ పొందగలరని బిత్తరపోతారు. మోకాళ్ల మీద వెళ్లగలిగే ద్వారమైతే బిత్తరపోవాల్సిన పని లేదు. చారిత్రక వివరంలా కనిపించే ప్రతి కథనూ ముందు ఆ అధ్యాయంతోనే సరిచూసుకోవాలి.

ముసుగు ఉంది, ముద్దు లేదు

ఏది అన్ని కాలాలకూ ఆజ్ఞ, ఏది ఆ కాలపు ఆచారం అన్న ప్రశ్న దగ్గర అందరూ తడబడతారు. 1 కొరింథీయులకు 11వ అధ్యాయాన్ని బట్టి తెలుగు చర్చిల్లో స్త్రీలు ప్రార్థన సమయంలో కొంగు తల మీద వేసుకుంటారు. అదే పత్రిక (అంటే ఉత్తరం) 16:20లో పవిత్రమైన ముద్దుతో ఒకరికొకరు వందనాలు చెప్పుకోమని ఉంది. దాన్ని మాత్రం ఎవరూ అక్షరాలా పాటించరు, చేతులు జోడించి "వందనాలు" అంటారు. ముద్దు ఆ ఊరి ఆచారం, దాని వెనక ఉన్న ప్రేమే ముఖ్యం అని అందరూ సహజంగానే వ్యాఖ్యానం చేసుకున్నారు. అదే పద్ధతి ముసుగుకు వర్తిస్తుందా లేదా అన్నది వాదించుకోదగ్గ ప్రశ్నే. వర్తించదనేవాళ్లు పౌలు అక్కడ సృష్టి క్రమాన్ని ప్రస్తావించాడని చూపుతారు. వర్తిస్తుందనేవాళ్లు రోమా ప్రపంచంలో తలముసుగు వివాహిత గౌరవానికి గుర్తని చూపుతారు. రెండు వైపులా కారణాలున్నాయి. "మేం వ్యాఖ్యానించం, ఉన్నది ఉన్నట్టు పాటిస్తాం" అన్న మాట మాత్రం నిలవదు, ఎందుకంటే 16వ అధ్యాయానికి వచ్చేసరికి వాళ్లూ వ్యాఖ్యానించే తీరుతున్నారు.

సందర్భం చూడటం అవిశ్వాసమన్న భయం కొందరిలో ఉంది. క్యాథలిక్ సంఘం 1965 నాటి డెయి వెర్బుమ్ ప్రకటనలో రచనా రూపాలను గమనించమని స్పష్టంగా చెప్పింది. ప్రొటెస్టెంట్ సంస్కర్తలూ వాక్యం సహజార్థాన్ని పట్టుకోమనే పట్టుబట్టారు. లేఖనం దేవుని మాట అని నమ్మేవాళ్లే ఈ జాగ్రత్తను ఎక్కువగా కోరారు.

చదివేది ఎవరు అన్నదీ సందర్భమే

1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ఒక బైబిల్ అచ్చువేశారు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి బయటపడిన కథ లేదు, తీసేశారు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీయుల పత్రిక మాటలు ఉన్నాయి. ఏ భాగం చదివితే ఎవరికి ఏం అర్థమవుతుందో అచ్చువేసినవాళ్లకు బాగా తెలుసు.

మన దగ్గర 1878లో, పెద్ద కరువు వెనకే, ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వారిలో ఎక్కువమంది మాదిగలు. ఇలాంటి సమాజాలు చదివే బైబిల్లో, ఐగుప్తు నుంచి విడుదల కథ చెప్పే నిర్గమకాండం పాత చరిత్రగా ఆగిపోదు. 1980లలో దళిత వేదాంతానికి బాట వేసిన అరవింద్ నిర్మల్ ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలోని విశ్వాసపు ఒప్పుకోలును ఆధారం చేసుకున్నాడు: దిక్కులేక తిరిగిన పూర్వీకుడు, బాధ, మొర, విడుదల. చదివేవాళ్ల జీవితం వాక్యంలో లేనిది చేర్చే ప్రమాదం ఉంది, నిజమే. సుఖంగా ఉన్నవాళ్లు గమనించకుండా దాటేసిన దాన్ని బయటికి తీసేదీ ఆ జీవితమే.

దీన్ని పరీక్షించి చూడాలంటే ఫిలేమోనుకు రాసిన పత్రిక చాలు. మొత్తం 25 వచనాలు, గట్టిగా చదివినా నాలుగైదు నిమిషాలు. ఒనేసిము అనే దాసుణ్ని పౌలు యజమాని దగ్గరికే తిరిగి పంపుతూ, ఇక దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమంటాడు. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించినవాళ్లు "తిరిగి పంపాడు" అన్న భాగాన్ని పట్టుకున్నారు, వ్యతిరేకించినవాళ్లు "ఇక దాసుడిగా కాక" అన్న 16వ వచనాన్ని పట్టుకున్నారు. ఫిలేమోను చివరికి ఏం చేశాడో ఆ ఉత్తరంలో లేదు. కొలస్సయులకు రాసిన పత్రిక 4:9లో మాత్రం ఒనేసిము పేరు మళ్లీ కనిపిస్తుంది, నమ్మకమైన ప్రియ సహోదరుడని, మీలో ఒకడని.